ఎడమ రెక్క మీది ఎర్రదీపం

పొద్దున మా గేటుకు రంగు వేస్తున్నారు. దసరా దగ్గర పడిందంటే నస్పూర్‌లో ఏ గల్లీలోకి పోయినా ఇదే వాసన, టర్పెంటైనూ ఎనామెలూ కలిసిన ఘాటు. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం కుర్చీని గేటు దగ్గరికి ఇంకా జరుపుకొని కూర్చున్నాను. ఈ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు విమానం గుర్తొస్తుంది. విమానం వెనకాలే, చేతులు వెనక్కు కట్టుకొని నిలబడ్డ ఖాదర్ సాబ్ గుర్తొస్తాడు. ఆయన్ను చూసినవాళ్లు ఈ వీధిలో ఇప్పుడెవరూ లేరు. అందుకే చెప్పాలనిపిస్తోంది.

ఖాదర్ సాబ్‌ది సుల్తానాబాద్. నిజాం కాలంలోనే హైదరాబాదు పోయి, అక్కడి విమానాల షెడ్డులో పని నేర్చుకొని, పరీక్షలు గట్టెక్కి లైసెన్సు తెచ్చుకున్న ఇంజనీరు. మా రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొన్నేళ్లకు, మంచిర్యాల అవతల ఒక ఫ్యాక్టరీ వాళ్లు చిన్న విమానం ఒకటి కొన్నారు. బొంబాయిలో ఉండే యజమానులు వచ్చిపోవడానికి అది. దిగడానికి ఒక చదును బయలు, పక్కన ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డుకు పెద్ద ఖాదర్ సాబే. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, కళ్లద్దాలను దారంతో మెడలో వేలాడదీసుకొని తిరిగేవాడు. విమానాన్ని 'బిడ్డ' అని పిలిచేవాడు. బిడ్డకు జ్వరమొచ్చింది, బిడ్డ అలిగింది, బిడ్డకు నూనె తాపిండ్రా అనేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. నెల తిరక్కుండానే నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను.

అంతకుముందు నేను బొగ్గుగనిలో ల్యాంపు రూం మనిషిని. షిఫ్టుకు దిగే ప్రతి ఒక్కరికీ టోపీ దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకొని చార్జింగుకు పెట్టడం, పాడైనవాటిని బాగుచేయడం నా పని. మా బాపు అదే గనిలో పట్టాల మీద నడిచే టబ్బుల్లోకి బొగ్గు నింపేవాడు. నేనిచ్చిన దీపం పెట్టుకొనే దిగేవాడు. కాబట్టి దీపం విషయంలో నాకు అశ్రద్ధ ఉండేది కాదు, కానీ గర్వం మాత్రం బాగానే ఉండేది. ఒకసారి ఖాదర్ సాబ్ ఎవరో స్నేహితుణ్ణి కలవడానికి గనికి వచ్చి, ల్యాంపు రూం కిటికీ దగ్గర ఆగాడు. అప్పుడే ఒక దీపం వెలగక నా చేతిలో ఉంది. ఆయన చూస్తున్నాడని నాకు ఊపొచ్చింది. బల్బు మార్చాను, తీగ మార్చాను, స్విచ్చి మార్చాను. దీపం భగ్గున వెలిగింది. మెప్పు కోసం ఆయన వైపు చూశాను.

"ఏది చెడిపోయింది?" అన్నాడు.

"ఏదో ఒకటి సాబ్. అన్నీ మార్చిన గద."

ఆయన గట్టిగా నవ్వాడు. "దీపం బాగయింది. గానీ ఎందుకు బాగయిందో నీకు తెల్వదు. రేపు మల్ల చెడిపోతది, మల్ల అన్నీ మారుస్తవ్. చెయ్యి మంచిగుంది నీది. జర ఓపిక నేర్చుకుంటే నా షెడ్డుల పనికొస్తవ్."

నాకు కోపమొచ్చింది. అందరి ముందూ గాలి తీసేశాడనుకున్నాను. కానీ ఆ మాట రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఆ వారంలోనే వెళ్లి ఆయన షెడ్డు ముందు నిలబడ్డాను. బాపు ఎంతమాత్రం ఒప్పుకోలేదు. "దీపాలు తుడిచేటందుకే గదా పోయేది. గా దీపాలేవో ఈడనే తుడువరాదా కొడుకా! నలుగురికి అక్కెరకొస్తవ్" అన్నాడు. నేను వినలేదు. చాలా రోజులు ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు.

షెడ్డులో మొదటి రోజే నా తెలివి తెల్లారింది. విమానానికి బయట కొన్ని దీపాలుంటాయి. ఎడమ రెక్క కొసన ఎర్రది, కుడి రెక్క కొసన ఆకుపచ్చది, తోకకు తెల్లది. ఎదురుగా వచ్చే మరో విమానానికి మనం ఎటు పోతున్నామో చీకట్లో చెప్పేవి అవే. నేను ఎర్రదీపం మూత తీసి చూస్తే లోపలికి ఒకే ఒక్క తీగ వచ్చి ఉంది. ల్యాంపు రూంలో ఏ దీపానికైనా రెండు తీగలు, ఒకటి కరెంటు పోవడానికి, ఒకటి తిరిగి రావడానికి. ఎవరో సగం పని చేసి పోయారనుకున్నాను.

"సాబ్, ఇంకో తీగ తెగిపోయింది!" అని అరిచాను.

ఖాదర్ సాబ్ వచ్చి రెక్క మీద వేళ్లతో టకటకా కొట్టాడు. "గిదే ఇంకో తీగ. రెక్క, కడుపు, తోక అంతా రేకే గద. కరెంటు తీగల పోతది, బిడ్డ ఒంటి మీదికెల్లి తిరిగొస్తది. బరువు తక్కువ, పని అంతే."

నేను నోరు తెరుచుకొని విన్నాను. ఆ రోజు నుంచి ఎన్నిసార్లు విన్నా ఆ సంగతి బుర్రకు ఎక్కింది కానీ చేతులకు ఎక్కలేదు. చేతులు మాత్రం ల్యాంపు రూంలోనే ఉండిపోయాయి. ఎక్కడ దీపం కనపడినా రెండో తీగ కోసమే వెతికేవి.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. ఏదైనా పాడైతే వెంటనే ఎవరూ ముట్టుకోకూడదు. విమానం ముందు నిలబడి, రెండు చేతులూ వెనక్కు కట్టుకోవాలి. అప్పుడు ఏది పనిచేయడం లేదో కాదు, ఏమేమి పనిచేస్తున్నాయో ఒక్కొక్కటే పైకి చెప్పాలి. చెప్పడం పూర్తయ్యేదాకా స్క్రూ డ్రైవర్ పట్టుకుంటే తిట్లే తిట్లు. "చేతులు ముందుకొస్తే అకల్ ఎనకకు పోతది" అని గద్దించేవాడు. అకల్ అంటే తెలివి. పోలీసు స్టేషన్‌లో నిలబెట్టినట్టు ఉండేది నాకు. ఆయన లేనప్పుడు నేను ఆ పద్ధతి పాటించేవాణ్ణి కాదని వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఏడు దసరా వచ్చింది. పండుగకు మా దగ్గర గనుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ మిషన్లన్నిటికీ కొత్త రంగు వేసి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆయుధ పూజ చేయడం ఆనవాయితీ. ఫ్యాక్టరీ పెయింటర్ లచ్చయ్య బాయిలర్లకు, క్రేన్లకు, చివరికి క్యాంటీన్ తూకం మిషన్‌కు కూడా రంగు వేశాడు. ఖాదర్ సాబ్ అది చూసి పట్టుపట్టాడు. "అన్ని మిషన్లకు పండుగైతే నా బిడ్డ ఏం పాపం చేసింది? రెక్కల కొసలకు ఎర్ర రంగు ఎయ్యి లచ్చన్నా, తోకకు గూడ ఎయ్యి" అన్నాడు. మిగతా విమానమంతా రంగు లేని అల్యూమినియమే, కంచుచెంబులా తోమి పెట్టేవాళ్లం. లచ్చయ్య చేయి తిరిగినవాడు. దీపాల చుట్టూ బ్రష్షు తిప్పడం ఆయనకు నామోషీ. దీపాలను ఊడదీసి, కింద మూలమూలలా రంగు పూసి, ఆరాక మళ్లీ బిగించాడు. రేకు మీద ఎక్కడా గీత కనపడలేదు. పూజనాడు దీపాలన్నీ వెలిగించి హారతి ఇచ్చాం. ఎర్రది, ఆకుపచ్చది, తెల్లది మూడూ వెలిగాయి. ఖాదర్ సాబ్ కూడా కొబ్బరిముక్క నోట్లో వేసుకొని, మా అందరి చేతుల్లో జమ్మి ఆకు పెట్టి, కౌగిలించుకొని అలాయి బలాయి తీసుకున్నాడు.

పండుగైన కొన్ని రోజులకు ఒక సాయంత్రం పైలట్ దిగీ దిగగానే, ఎడమ దీపం వెలగడం లేదని చెప్పాడు. మామూలు రోజుల్లో అయితే అది పెద్ద విషయం కాదు. కానీ మరుసటి వారం ప్రభుత్వం వారి తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆయన సంతకం పెడితేనే విమానం ఇంకో ఏడాది ఎగరాలి. ఫ్యాక్టరీ మేనేజరుకు మా షెడ్డు మొదటినుంచీ కంటగింపు. ఈ అడవిలో షెడ్డు ఎందుకు, బొంబాయిలో పెద్ద వర్క్‌షాపు ఉండగా అనేవాడు. తనిఖీలో తప్పితే విమానాన్ని బొంబాయి పంపిస్తామనీ, షెడ్డుకు తాళం వేస్తామనీ యజమానుల చేత అనిపించాడు. ఖాదర్ సాబ్ ఏ ఊళ్లోనైనా బతకగలడు. కానీ ఆయన తన ప్రాంతంలో, తన భాష మాట్లాడే మనుషులతో ఒక షెడ్డు నిలబెట్టాలని హైదరాబాదు వదులుకొని వచ్చాడు. ఇక నేనైతే బాపు ముందు తలవంచుకొని మళ్లీ ల్యాంపు రూం కిటికీ వెనక్కి పోవాల్సిందే.

ఖాదర్ సాబ్ ఇంజను పనిలో తలమునకలుగా ఉండి, "దీపాలు నీవి ఓదెలూ" అని నాకు అప్పజెప్పాడు. నేను రెచ్చిపోయాను. చేతులు కట్టుకోవడం గిట్టుకోవడం ఏమీ లేదు. బల్బు మార్చాను, వెలగలేదు. ఫ్యూజు మార్చాను, వెలగలేదు. ఆకుపచ్చ దీపం, తెల్ల దీపం అదే స్విచ్చి మీద చక్కగా వెలుగుతున్నా సరే, స్విచ్చి కూడా మార్చాను. మీటరు పెట్టి చూస్తే తీగ కొసన కరెంటు నిండుగా ఉంది. అయినా నమ్మకం లేక రెక్క పొడుగునా కొత్త తీగ లాగాను. ఒళ్లు హూనమైంది కానీ దీపం మాత్రం కన్ను తెరవలేదు. విసుగొచ్చి దీపాన్ని మొత్తంగా ఊడదీసి, టేబుల్ మీద పెట్టి, బ్యాటరీకి రెండు తీగలు కలిపాను. ఎర్రగా, నిండుగా వెలిగింది! పరుగెత్తుకుంటూ పోయి రెక్కకు బిగించాను. ఒకసారి మినుకుమంది. ఆరిపోయింది. మళ్లీ ఊడదీశాను. టేబుల్ మీద వెలిగింది. మళ్లీ బిగించాను. రెక్క మీద లేదు.

"టేబుల్‌ను గూడ విమానానికి కట్టి పంపుదామా?" అన్నాడు పక్కనుంచి లచ్చయ్య. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తనిఖీ రోజు వచ్చింది. అధికారి గుంటూరు మనిషి, మద్రాసులో ఉద్యోగం. చల్లగా మాట్లాడేవాడు, కానీ కళ్లు మాత్రం ఒక్క బోల్టును కూడా వదిలేవి కావు. ఇంజను చూశాడు, చక్రాలు చూశాడు, మెచ్చుకున్నాడు. దీపాలు వేయమన్నాడు. మా అదృష్టమేమో, ఎర్రదీపం వెలిగింది. నేను మొక్కని దేవుడు లేడు. తర్వాత ఆయన ఇంజను నడపమన్నాడు. విమానం అదిరిందో లేదో, ఎర్రదీపం రెండుసార్లు రెప్పలార్చి ఆరిపోయింది. మేనేజరు నవ్వు దాచుకోలేదు.

"ఏమండీ, ఇది ఆరిపోయిందేమిటి?" అన్నాడు అధికారి. "నేను సాయంత్రం బండికి వెళ్లిపోవాలి. అప్పటికి నిలకడగా వెలిగితే సరే. లేకపోతే నేను సంతకం పెట్టలేనండి, ఏమీ అనుకోకండి."

మేనేజరూ అధికారీ భోజనానికి వెళ్లారు. నేను స్క్రూ డ్రైవర్ అందుకున్నాను. ఖాదర్ సాబ్ వచ్చి, నెమ్మదిగా దాన్ని నా చేతిలోంచి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. తిట్టలేదు. తానే వెళ్లి రెక్క ముందు చేతులు వెనక్కు కట్టుకొని నిలబడ్డాడు. పక్కన నేను నిలబడ్డాను. పాపం, లచ్చయ్య కూడా వచ్చి అలాగే నిలబడ్డాడు.

"చెప్పు. ఏమేం పని చేస్తున్నయ్?"

"ఫ్యూజు మంచిగుంది సాబ్. స్విచ్చి మంచిగుంది. ఆకుపచ్చ, తెల్ల ఎలుగుతున్నయ్. తీగ కొత్తది, కరెంటు నిండుగొస్తుంది. బల్బు మంచిగుంది."

"బల్బు మంచిగుందని ఎట్ల తెలుసు?"

"టేబుల్ మీద ఎలుగుతుంది గద."

"టేబుల్ మీద ఎన్ని తీగలు వెట్టినవ్?"

"రెండు."

"రెక్క మీద?"

"ఒకటే..." అన్నాను. అప్పుడు తట్టింది. ప్రతిసారీ టేబుల్ మీదికి నేను ల్యాంపు రూం నుంచి రెండో తీగను వెంట తెచ్చుకున్నాను. కరెంటు తిరిగి వచ్చే దారిని నా చేత్తో నేనే ఇచ్చాను. రెక్క మీద ఆ దారి ఉందో లేదో ఒక్కసారీ చూడలేదు. మీటరు పెట్టినప్పుడు కూడా నల్ల తీగను తళతళలాడే ఒట్టి రేకుకు ఆనించాను, దీపం కూర్చున్న చోట ఆనించలేదు. అప్పుడు చూశాను, దీపాన్ని రెక్కకు బిగించే లోహపు పట్టీని. దాని కింద ఎర్రగా, నున్నగా, అందంగా మెరుస్తోంది దసరా రంగు.

"సాబ్! తిరిగొచ్చే తొవ్వ మూసుకపోయింది! రంగు సాబ్, రంగు!"

మూరెడు తీగముక్క దొరకబుచ్చుకొని ఒక కొసను దీపం పట్టీకీ, ఇంకో కొసను రంగు లేని రేకుకూ ఆనించాను. ఎర్రదీపం దిగ్గున వెలిగింది. తీగ తీస్తే ఆరింది. ఆనిస్తే వెలిగింది. పిచ్చివాడిలా ఆనిస్తూ, తీస్తూ నవ్వుతూనే ఉన్నాను. ఇన్నాళ్లూ రంగు పొరను గీరుకొని బోల్టు మరలు ఏదో కాస్త తగులుతుండబట్టి అప్పుడప్పుడు వెలిగింది, ఇంజను అదరగానే ఆ కాస్తా తప్పిపోయింది. లచ్చయ్య మొహం పాలిపోయింది. ఖాదర్ సాబ్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"గట్ల జూడకు లచ్చన్నా. ఏసింది నువ్వే గానీ ఏపిచ్చింది నేను. కింద ఎయ్యొద్దని చెప్పాల్సింది గూడ నేనే. నాకూ గిప్పుడే సమజైంది. ఓదెలు చెప్పుకుంట పోయిండు కాబట్టి దొరికింది."

రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, గరుకు కాగితంతో లోహం తళుక్కుమనేదాకా రుద్దాం. బోల్టు గట్టిగా బిగించి, పైన కాస్త వాసెలిన్ రాశాం, తేమ చేరకుండా. కుడి రెక్కకు, తోకకు కూడా అలాగే చేశాం. పొద్దు వాలే వేళకు అధికారి తిరిగొచ్చి ఇంజను పూర్తి వేగంలో నడిపించాడు. షెడ్డు రేకులు గడగడలాడాయి. ఎర్రదీపం మాత్రం కదల్లేదు, మెదల్లేదు.

"ఏం చేశారు? అసలు తప్పెక్కడుంది?" అని అడిగాడు అధికారి. పక్కనే మేనేజరు చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఎక్కడో తీగ వదులైందని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. నేను లోపల్లోపల అదే కోరుకున్నాను.

ఖాదర్ సాబ్ చేతులు వెనక్కు కట్టుకున్నాడు. "తప్పు నాది సాబ్. పండుగకు రంగు ఏపిచ్చిన, దీపాల కింద గూడ పడ్డది. కరెంటు తిరిగొచ్చే జాగ మూసుకపోయింది. మా ఓదెలు పట్టుకున్నడు" అని జరిగింది జరిగినట్టు చెప్పాడు.

మేనేజరు ఏదో అనబోయాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టి నవ్వాడు. "దాచిపెట్టి ఉంటే నాకు అనుమానం వచ్చేదండి. తప్పు చేసిన చోటు చెప్పగలిగిన షెడ్డులో విమానం ఉంటే నాకేం భయం లేదు. బండికి ఇంకా టైముంది. మసక పడుతోంది కదా, పదండి, నేనూ ఎక్కుతాను. పైనుంచి కూడా చూద్దాం" అన్నాడు.

విమానం లేచింది. బయలు మీద మేమంతా మెడలు నిక్కించి నిలబడ్డాం. గోదావరి వైపు తిరిగి, మంచిర్యాల మీదుగా, గనుల మీదుగా చుట్టు తిరిగి వస్తుంటే, ముదురు నీలం ఆకాశంలో ఎడమ వైపు ఒక ఎర్ర చుక్క నిలకడగా సాగిపోయింది. అంత సంతోషం నా పెళ్లిరోజు కూడా పడలేదని మా ఆవిడ దగ్గర ఒకసారి నోరు జారి, దానికి తగిన శిక్ష అనుభవించాను. లచ్చయ్య తువ్వాలు తిప్పుతూ గంతులేశాడు. ఖాదర్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకొని, పెట్టుకొని, మళ్లీ తుడుచుకున్నాడు. దిగాక అధికారి అక్కడికక్కడే సంతకం పెట్టాడు. షెడ్డుకు తాళం పడలేదు. నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ పడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. షిఫ్టు దిగి వస్తూ గని దగ్గరే ఆగి పైకి చూశాడట, అందరితో పాటు. ఒంటి మీద బొగ్గు ఇంకా కడుక్కోలేదు.

"కొడుకా, ఇందాక మీదికెల్లి పోయింది మీదేనా?"

"అవు బాపు."

"ఎర్రది ఒకటి ఎలుగుతుండె, ఎడమ దిక్కు. గది నువ్వు ఎలిగిచ్చిందేనా?"

"నేనే బాపు."

బాపు మళ్లీ ఒకసారి ఆకాశం వైపు చూశాడు. తర్వాత, "మంచిగ ఎలుగుతుంది. ఊరంతటికి కనవడ్డది" అన్నాడు. నాకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేకపోయింది.

ఖాదర్ సాబ్ పోయి చాలా కాలమైంది. ఆయన జేబులో పెట్టుకున్న నా స్క్రూ డ్రైవర్ మళ్లీ నాకు తిరిగి ఇవ్వనేలేదు, నేనూ అడగలేదు. ఆయన ఇచ్చింది వేరే ఉంది. ఇంట్లో ఫ్యాను ఆగినా, కొడుకూ కోడలూ మాటామాటా అనుకున్నా, నా మోకాలు మొరాయించినా, ముందు చేతులు వెనక్కు కట్టుకుంటాను. ఏమేమి పనిచేస్తున్నాయో పైకి చెప్పుకుంటాను. మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

ఇందాక పెయింటర్ గేటు స్తంభం మీది దీపాన్ని ఊడదీసి, ఎర్తు తీగ బిగించే ఇనుప పట్టీకి కూడా రంగు పూయబోయాడు. ఒక్క అరుపు అరిచాను.

"గాడ ఎయ్యకు! రూపాయి బిళ్లంత జాగ ఇడిశిపెట్టు."

"అట్ల ఇడిశిపెడితే పని మంచిగ రాలేదంటరు తాతా."

"ఎవరన్న అడిగితే గా ముసలోడే వద్దన్నడని చెప్పు" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, బ్రష్షు డబ్బాలో పెట్టి, పక్కన నిలబడ్డాడు. నేను లేచి వెళ్లి, గరుకు కాగితంతో ఆ కాస్త చోటును తళుక్కుమనేదాకా నా చేతులతో నేనే రుద్దాను.